ఎగిరినవారు, ఎగురవేసినవారు

ఇంగ్లండు దక్షిణతీరమున డార్సెట్ అను జిల్లా కలదు. అందు వార్మ్‌వెల్ ఒక చిన్న గ్రామము. ఆ గ్రామపు చర్చి ఆవరణలో ఒకే కొలతతో చెక్కిన తెల్లరాళ్లు నిలిచియున్నవి. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆ గ్రామమునకు దాపుననే విమానస్థావర మొకటి యుండెను. అచ్చట పనిచేయుచు మరణించిన వైమానికుల సమాధులవి. ఆ స్థావరమునుండి 1940లో పోరాడిన దళములలో ఒకదాని పేరు 152వ హైదరాబాదు స్క్వాడ్రన్.

మన హైదరాబాదు పేరు ఆ దూరదేశపు పల్లెకు ఎట్లు చేరినది? ఆ పేరుతో ఎగిరినవారెవరు? వారిని ఎగురవేసినవారెవరు? వీరిలో లోకము ఎవరిని తలచుకొనుచున్నది, ఎవరిని మరచినది? ఈ సంగతులను ఇచ్చట కొంత వివరింపదలచితిమి.

స్క్వాడ్రన్ అనగా వైమానికబలములోని ఒక దళము. 1940నాటి యుద్ధవిమాన స్క్వాడ్రన్ సాధారణముగా పండ్రెండు విమానములతో ఆకాశమునకు లేచెడిది. వానిని నడుపుటకు ఇరువదిమందికి అటునిటుగా పైలట్లుండెడివారు. స్పిట్‌ఫైరు విమానములో ఒక్కరికే చోటు. కాని ఆ ఒక్కనిని ఆకాశమునకు పంపుటకు నేలమీద ఇంజనుపనివారు, రెక్కలు తోక మొదలగు దేహభాగములను చూచువారు, తుపాకులపనివారు, వైర్‌లెస్సుపనివారు, పెట్రోలు పోయువారు, వంటవారు, లారీ నడుపువారు కలిసి దళమునకు నూరుమందికి పైగా పనిచేయుచుండిరి. ఇది స్థావరపు కావలివారిని, వైద్యులను, టెలిఫోనువారిని లెక్కింపకుండ చెప్పిన మాట.

హైదరాబాదు పేరు బ్రిటిషు వైమానికబలములో మొదట చేరినది 1918లో. మొదటి ప్రపంచయుద్ధపు చివరి మాసములలో 110వ స్క్వాడ్రన్‌కు కావలసిన డి.హెచ్. 9ఎ బాంబరు విమానములను నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ బహూకరించెను. అవి రెక్కపై రెక్క గల పాతకాలపు విమానములు. కఱ్ఱచట్రమునకు బట్ట కప్పి తయారుచేసినవి. ఒక్కొక్కదానిపై దాత పేరును, హైదరాబాదు పేరును వ్రాసిరి. ఆ దళము ఫ్రాన్సునుండి జర్మనీ పట్టణములపైకి పోయి పెక్కు విమానములను కోల్పోయెను. వానిలో ఎఫ్1010 సంఖ్య గల విమానము 1918 అక్టోబరు 5న శత్రువులకు చిక్కినది. జర్మనులు దానిని బెర్లినులోని ప్రదర్శనశాలలో నుంచిరి. రెండవ యుద్ధము తరువాత అది పోలండునకు చేరినది. 1977లో ఒక స్పిట్‌ఫైరును పోలండువారికి ఇచ్చి, దీనిని లండనులోని రాజ వైమానికబలపు మ్యూజియమువారు తీసికొనిరి. హైదరాబాదు పేరు మోసిన ఆ విమానము అచ్చటనే భద్రముగా నున్నది. మన ప్రాంతమునకు సంబంధించిన యుద్ధజ్ఞాపకము ఇట్టిది లండనులో నుండుట మనలో చాలమందికి తెలియదు.

రెండవ ప్రపంచయుద్ధములో బ్రిటను ప్రవేశించిన మరునాడే, అనగా 1939 సెప్టెంబరు 4న, ఈ 110వ దళపు బ్లెన్‌హైము విమానములు వాటిషామ్ స్థావరమునుండి లేచి విల్‌హెల్మ్స్‌హావెన్ దగ్గర జర్మను యుద్ధనౌకలపై బాంబులు వేసినవి. ఆ యుద్ధములో బ్రిటిషు వైమానికబలము చేసిన మొదటి బాంబుదాడి అదియే. ఆ దాడికి 110వ దళమునుండి అయిదు, 107వ దళమునుండి అయిదు విమానములు పోయినవి. ఆ పదింటిలో అయిదు తిరిగిరాలేదు.

ఆ యుద్ధకాలముననే హైదరాబాదు పేరు మరి రెండు దళములకు చేరినది. అవి 152వది, 253వది. 152వ దళపు చిహ్నములో నిజాము ధరించు తలపాగా బొమ్మ యుండెను. దాని క్రింద ‘విశ్వాసపాత్రుడైన మిత్రుడు’ అను అర్థమునిచ్చు ఇంగ్లీషు మాటలుండెను. ఇవి చిహ్నము గీసినవారు కల్పించిన మాటలు కావు. 1918లో బ్రిటిషు ప్రభుత్వము నిజామునకు ఇచ్చిన బిరుదమే అది.

ఈ దానమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. నిజాము సంస్థానములో దివానీ భూములు ప్రభుత్వమునకు శిస్తు కట్టెడివి; సర్ఫ్-ఎ-ఖాస్ భూముల ఆదాయము నిజాము స్వంత ఖర్చులకు పోయెడిది. ధనము ఏ పెట్టెనుండి తీసినను, ఆ పెట్టెను నింపినవాడు తెలంగాణములోను, మరాఠ్వాడాలోను, కన్నడ జిల్లాలలోను నాగలి పట్టిన రైతే. యుద్ధమునకు ఇత్తువా అని అతనిని అడిగినవారు లేరు. విమానముపై దాత పేరు వ్రాసినప్పుడు అతని పేరు వ్రాయుటకు తావును లేదు. హైదరాబాదు అను మాటలో అతడును కలడని మనము అనుకొనవలసినదే.

ఇక వార్మ్‌వెల్ సంగతి. ఆ స్థావరము 1937లో తుపాకి గురి నేర్పుటకై ఏర్పడినది. సిమెంటు దారులు లేవు. విమానములు పచ్చికమీదనే లేచెడివి, పచ్చికమీదనే దిగెడివి. 1940 జూనులో ఫ్రాన్సు ఓడిపోవుటతో పరిస్థితి మారిపోయెను. జర్మను విమానములు సముద్రపు కాలువకు ఆవలి ఒడ్డుననున్న షెర్‌బుర్గు ప్రాంతమునకు వచ్చి దిగినవి. వార్మ్‌వెల్‌కు సమీపముననే పోర్ట్‌లండు నౌకాస్థావరము కలదు. దానిని కాపాడుటకు 1940 జూలై 12న 152వ దళము ఉత్తరమున నున్న ఆక్లింగ్టను స్థావరమునుండి వార్మ్‌వెల్‌కు తరలివచ్చెను. బ్రిటను యుద్ధము అని చరిత్రలో పేరొందిన పోరాటము రెండు దినముల ముందే, జూలై 10న, ఆరంభమైనట్లు లెక్క. అక్టోబరు 31తో అది ముగిసినట్లు లెక్క.

ఆ దినములలో స్థావరమునందు పని ఎట్లు జరిగెడిదో చెప్పినగాని మా ఉద్దేశము తెలియదు. అందుచేత దానిని కొంచెము విస్తరించి చెప్పుచున్నాము.

శత్రువు ఒకే బాంబుతో అన్నింటిని చెఱుపకుండుటకై విమానములను ఒకచోట చేర్చక, మైదానపు అంచుల వెంట దూరదూరముగా నిలిపెడివారు. ఆయా విమానముల దగ్గరనే గుడారములు వేసికొని సిబ్బంది కాచుకొనియుండెడివారు. ఒక్కొక్క విమానమునకు ఇంజను చూచు ఫిట్టరు ఒకడు, విమానదేహమును చూచు రిగ్గరు ఒకడు నియమితులై యుండెడివారు. పైలట్లు మారుచుందురు, ఒక్కొక్కప్పుడు మరణింతురు. వీరిరువురు మాత్రము ఆ విమానముతోనే ఉందురు. పైలటు ఎక్కుచున్నది తమ విమానమని, దానిని అతనికి ఎరువిచ్చుచున్నామని ఫిట్టర్లు పలుకు మాట ఆ రోజులలో ప్రతి స్థావరమునందును వినబడెడిది. అది వట్టి పరిహాసము కాదు.

తెల్లవారుటకు ముందే పని మొదలగును. ఫిట్టరు కప్పు తీసి, నూనె చూచి, ఇంజను నడిపి వేడిచేయును. స్పిట్‌ఫైరులోని మెర్లిన్ ఇంజనును చల్లార్చుటకు గ్లైకాల్ అను ద్రవము గొట్టములలో తిరుగుచుండును. దానిని చల్లార్చు పెట్టె కుడిరెక్క క్రింద నుండును. విమానము నేలమీద నున్నంతసేపు చక్రపు కాలు ఆ పెట్టెకు కొంత అడ్డమగును; గాలి చాలదు. ఇంజను ఎక్కువసేపు నేలమీద నడచినచో ద్రవము మరగి పొంగును. కనుక పిలుపు వచ్చిన తరువాత మొదలుపెట్టుటకును, పైకి లేచుటకును నడుమ ఆలస్యము పనికిరాదు. చల్లని ఇంజను వెంటనే లేచుటకు నిరాకరించును. మిక్కిలి వేడెక్కినది లేవకముందే చెడును. ఈ రెంటి నడుమ సరియైన స్థితిలో దానిని నిలుపుట ఫిట్టరు నేర్పు.

ఇంజనును పూర్తివేగమున పరీక్షించునప్పుడు విమానపు ముక్కు నేలకు తగులకుండ ఇద్దరు ముగ్గురు తోకపై బోరగిల పడుకొనెడివారు. వెనుకనుండి కొట్టు గాలిని, పొగను, దుమ్మును భరించి, తమ బరువుతో తోకను అణచిపట్టెడివారు. దీనిలోని అపాయమునకు ఒక ఉదాహరణము కలదు. 1945లో హిబాల్డ్‌స్టో స్థావరమున మార్గరెట్ హార్టన్ అను స్త్రీ ఇట్లే తోకపై కూర్చుండియుండగా, పైలటు ఆ సంగతి గమనింపక విమానమును ఆకాశమునకు లేపెను. ఆమె తోకను పట్టుకొని వ్రేలాడుచుండగనే విమానము ఒక చుట్టు తిరిగి దిగినది. ఆమె బ్రతికినది. ఆమె ధైర్యమును ఎంత మెచ్చుకొన్నను, ఈ పద్ధతిని మాత్రము మెచ్చుకొనలేము.

తుపాకుల పని వేరు. ఆనాటి స్పిట్‌ఫైరు రెక్కలలో ఎనిమిది మరతుపాకులు, ఒక్కొక్కదానికి 300 తూటాలు, మొత్తము 2,400. మీటను విడువక నొక్కిపట్టినచో ఇవి యన్నియు పదునైదు సెకనులలో అయిపోవును. పైలటు తన ప్రాణమును ఈ పదునైదు సెకనులపై పెట్టి పోవుచుండెను. ఆ తూటాలను పట్టీలుగా కూర్చి, ఒక్కటియు వంకరగా లేకుండ చూచి, రెక్కలోని పెట్టెలలో మడతలుగా అమర్చుట తుపాకుల పనివాని పని. ఒక తూటా అడ్డుపడినచో ఆ తుపాకి ఆకాశములో మూగపోవును; అచ్చట దానిని బాగుచేయువాడు లేడు.

తుపాకులను సిద్ధముచేసిన పిమ్మట వాని రంధ్రములపై చిన్న ఎఱ్ఱని బట్టముక్కలను అంటించెడివారు. ధూళియు, మంచుతేమయు లోనికి పోకుండుట కది సాధనము. మొదటి తూటా ఆ బట్టను చించుకొని పోవును. దీనివలన మరియొక ఉపయోగమును కలిగినది. విమానము తిరిగివచ్చునప్పుడు బట్టలు చిరిగియుండినచో, తెరచియున్న రంధ్రములలో గాలి దూరి ఒక విధమగు ఈల వినబడును. నేలమీద నిలిచి చూచువారు ఆ ఈలను బట్టియే, పైన పోరు జరిగినదని, విమానము దిగకముందే తెలిసికొనెడివారు.

దిగినంతనే మరల పరుగు. 85 గాలన్ల పెట్రోలు, ప్రాణవాయువు సీసా, నూనె, గ్లైకాల్, తూటాలు — ఇవన్నియు అరగంటలోపు ముగియవలెను. నేర్పరులు అంతకంటె చాల త్వరగా ముగించెడివారు. దినమునకు మూడుమారులు, నాలుగుమారులు ఇదే పని. రాత్రి అయిన పిమ్మట గుండుదెబ్బలకు పడిన చిల్లులను పూడ్చుట, ఇంజను మార్చుట. వెలుతురు బయటికి కనబడరాదు కనుక గుడ్డ కప్పుకొని, చేతిదీపముతో పని. మరల తెల్లవారకముందే ఇంజను వేడిచేయుట.

వీరి బాధ్యతకు సాక్ష్యముగా ఒక పుస్తకముండెను. దానిని ఫారము 700 అని పిలిచెడివారు. ప్రతిదినము ఫిట్టరు ఇంజను బాగున్నదని సంతకము చేయును. రిగ్గరు దేహము బాగున్నదని చేయును. తుపాకులవాడు, వైర్‌లెస్సువాడు, పనిముట్లు చూచువాడు తమతమ గడులలో చేయుదురు. అందరును చేసిన తరువాత చివరను పైలటు సంతకము చేసి విమానమును స్వీకరించును. మా దృష్టిలో ఆ పుస్తకము గొప్పది. ఇరువది యేండ్ల పైలటు ఆకాశములో శత్రువును చూచి భయపడవచ్చును. కాని తన క్రిందనున్న ఇంజను ఆగునేమో యని అతడు భయపడనక్కరలేదు. నలుగురైదుగురు మనుష్యులు తమ పేరు వ్రాసి అతనికి ఆ ధైర్యమిచ్చిరి. విమానము తిరిగిరానప్పుడు ఆ సంతకములు చేసినవారికి పట్టెడి చింతను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. లోపము తనదా, శత్రువుదా? సముద్రములో మునిగిన విమానము ఆ ప్రశ్నకు జవాబీయదు.

152వ దళపు విమానములు పలుమారులు సముద్రముపైననే పోరాడవలసివచ్చెను. అందుచేత తిరిగిరానివారిలో కొందరికి సమాధియును లేదు. 1940 ఆగస్టు 25న రిచర్డ్ హాగ్, తిమొతీ వైల్డ్‌బ్లడ్ అను ఇరువురు పైలట్లు పోయి రాలేదు. సెప్టెంబరు 25న, జర్మనులు బ్రిస్టలు సమీపమున ఫిల్టన్ విమానకర్మాగారముపై దాడిచేసిన దినమున, ఆస్ట్రేలియానుండి వచ్చిన కెన్నెత్ హాలండ్ ఒక బాంబరుతో పోరాడి మరణించెను. అదృష్టవంతులును లేకపోలేదు. డీన్‌స్లీ అను పైలటు జూలైలో ఒకమారు, సెప్టెంబరులో మరియొకమారు సముద్రములో పడి, రెండుమారులును ఓడలవారిచేత రక్షింపబడెను. ఎరిక్ మార్స్ అను యువకుడు బ్రిటను యుద్ధమంతయు బ్రతికి బయటపడి, 1941 జూలై 24న బ్రెస్టుపైన మరణించెను. అప్పటికి ఆతని వయస్సు ఇరువది యేండ్లు. ఆతడు తండ్రికి వ్రాసిన ఉత్తరములు తరువాత అచ్చుపడినవి. ఆ కాలపు వార్మ్‌వెల్‌ను గూర్చి మనకు తెలిసిన సంగతులలో కొన్ని వానివలననే తెలిసినవి. కడపటి విశ్రాంతిస్థానము లేని వైమానికుల పేర్లను థేమ్సు నదియొడ్డున రన్నీమీడ్ స్మారకముపై చెక్కిరి. 1953లో ప్రారంభింపబడిన ఆ స్మారకముపై 20 వేలకు పైగా పేర్లున్నవి.

నేలమీద నున్నవారికి అపాయము లేదనుకొనుట పొరపాటు. హాగ్, వైల్డ్‌బ్లడ్ పోయిన ఆ ఆగస్టు 25ననే జర్మను విమానములు వార్మ్‌వెల్‌పై బాంబులు వేసినవి. విమానశాలలు దెబ్బతినెను, వైద్యశాల కాలిపోయెను, టెలిఫోను తీగలు తెగిపోయెను. 1941 ఏప్రిల్ 1న జరిగిన మరియొక దాడిలో స్థావరమునందు పలువురు మరణించిరి. పైలటు ఎనిమిది తుపాకులతో శత్రువును ఎదిరింపగలడు. చేతిలో స్పానరు తప్ప వేరేమియు లేనివాడు గోతిలో పడుకొనవలెను, లేదా పని విడువక చేయుచుండవలెను. అంతకు ముందటి సంవత్సరము బిగ్గిన్‌హిల్ స్థావరముపై బాంబులు పడుచుండగా టెలిఫోనులను విడువక పనిచేసిన ముగ్గురు స్త్రీలకు — ఎలిజబెత్ మార్టిమర్, ఎల్స్‌పెత్ హెండర్సన్, హెలెన్ టర్నర్ అనువారికి — మిలిటరీ మెడల్ ఇచ్చిరి. 1940లో జరిగిన ఆ సంఘటనము చాల అరుదైనది గనుకనే పేర్లతో సహా నిలిచినది.

ఇక జ్ఞాపకముల సంగతి. 1940 ఆగస్టు 20న చర్చిల్ పార్లమెంటులో ప్రసంగించుచు, ఇందరు జనులు ఇంత కొలదిమందికి ఇంతగా ఋణపడుట యుద్ధచరిత్రలో లేదను భావమును ప్రకటించెను. నాటినుండి ఆ పైలట్లకు ‘కొలదిమంది’ అనునదే పేరైపోయెను. యుద్ధము ముగిసిన తరువాత ఆ కొలదిమందికి పతకపు పట్టీపై పెట్టుకొను ఒక ప్రత్యేకచిహ్నము నిచ్చిరి. గుర్తింపబడిన దళములలో, ఆ నాలుగు నెలలలో, ఒక్కమారైనను యుద్ధమునకై ఆకాశమునకు లేచినవారికే అది లభించును. లేచినవారు మూడువేలమందికి కొంచెము తక్కువ. నేలమీద నిలిచినవారికి అది లేదు. ప్రాణమును ఎక్కువగా ఒడ్డినవానికి ఎక్కువ గౌరవము న్యాయమే. దానిని మేము కాదనము. కాని గౌరవములో భేదముండుట వేరు, పేరే లేకుండుట వేరు.

లండనులో థేమ్సు ఒడ్డున 2005లో బ్రిటను యుద్ధస్మారకమును ప్రతిష్ఠించిరి. పాల్ డే అను శిల్పి కంచులో పోతపోసిన ఆ శిల్పములో, విమానములవైపు పరుగెత్తు పైలట్లతోబాటు ఫిట్టర్లు, తుపాకులపనివారు, స్త్రీలు చక్కగా కనబడుదురు. చుట్టును పలకలపై చెక్కిన పేర్లు మాత్రము ఆకాశమునకు లేచినవారివే. శిల్పి వీరికి రూపమిచ్చెను. పేరు ఇచ్చుటకు ఆతనివద్ద పట్టికయే లేదు.

పట్టిక ఎందుకు లేదనిన, దానికి కారణము లెక్కలు వ్రాసిన తీరులోనే కలదు. ప్రతిదళమును ఒక దినచర్యపుస్తకమును నడుపవలసియుండెను. అందు ఏ పైలటు ఏ గంటకు లేచెను, ఏ గంటకు దిగెను, ఏమి చూచెను అను వివరములు వరుసగా నుండును. పోరాడి వచ్చిన పైలటు వేరుగ ఒక నివేదికయు వ్రాయును. ఫిట్టరు రాత్రి పదునాలుగు గంటల పని తరువాత ఇంజను మార్చిన సంగతి ఆ పుస్తకములలో ఏ గడిలోను ఇమడదు. అతని సంతకమున్న ఫారము 700 పాతబడినంతనే పారవేయదగిన కాగితము. కనుక చరిత్రకారుడు ఎంత నిష్పక్షపాతియైనను, పైలటు పేరు అతనికి వెంటనే దొరకును. ఫిట్టరు పేరు దొరకదు.

ఒక్క సమాధిస్థలముననే ఈ భేదము లేదు. 1917లో ఏర్పడిన యుద్ధసమాధుల కమిషను ఒక నియమము పెట్టినది: అధికారికైనను, సామాన్యునికైనను రాయి ఒకే కొలతది. వార్మ్‌వెల్ చర్చి ఆవరణలోని తెల్లరాళ్లు ఒకే ఎత్తున నుండుటకు కారణమదే. అయితే ఆ సమానత్వము పొందుటకు మరణింపవలెను. యుద్ధమంతయు పనిచేసి, చేతికంటిన నూనె కడుగుకొని ఇంటికి పోయినవానికి రాయియు లేదు, పలకయు లేదు.

152వ దళము 1941 ఏప్రిలులో వార్మ్‌వెల్ విడిచినది. ఉత్తరాఫ్రికా, సిసిలీ, ఇటలీలలో పోరాడిన తరువాత 1943 చివర భారతదేశమునకు వచ్చెను. హైదరాబాదు పేరు మోసిన దళము ఇట్లు హైదరాబాదున్న దేశమునకే చేరినది; కాని దాని పని బర్మా సరిహద్దున. 1944లో మణిపురములోని పాలేలు, ఇంఫాలు స్థావరములనుండి ఆ దళపు స్పిట్‌ఫైరులు ఎగిరినవి. వార్మ్‌వెల్‌లో ఫిట్టరుకు శత్రువు చలి. ఇచ్చట వర్షము, బురద, మలేరియా. ఇంజనుపై కప్పిన గుడ్డ క్రిందనే బూజు పట్టెడిది. ఎండలో లోహము తాకరానంత వేడెక్కెడిది.

ఆ ఇంఫాలు మైదానముననే 1944లో అర్జన్‌సింగు నాయకత్వమున భారతీయ వైమానికబలపు ఒకటవ స్క్వాడ్రన్ హరికేన్ విమానములతో పోరాడినది. ఆ స్క్వాడ్రన్ 1933 ఏప్రిల్ 1న ఏర్పడినప్పుడు దానికి వాపిటి విమానములు నాలుగు మాత్రమే యుండెను. పనివారికి పెట్టిన పేరు ‘హవాయి సిపాయి’, అనగా గాలిసిపాయి. అప్పటివరకు మన దేశీయులకు విమానయంత్రముల పని చేతగాదను అభిప్రాయము పాలకులలో బలముగా నుండెను. దానిని తప్పని ఋజువుచేసినవారు ఈ గాలిసిపాయిలు. 1945 నాటికి భారతీయ వైమానికబలములో సుమారు 28,500 మంది యుండిరి. వారిలో అధికారులు సుమారు 1,600 మంది మాత్రమే. మిగిలినవారిలో అత్యధికులు నేలమీద పనిచేసినవారే. హైదరాబాదులోని బేగంపేటయందు పైలట్లకు ప్రాథమికశిక్షణ ఇచ్చు పాఠశాల ఆ యుద్ధకాలముననే నడచినది. అచ్చటి శిక్షణవిమానములను నడుపదగిన స్థితిలో నుంచినవారును ఇట్టి పనివారే. 1942 ఏప్రిల్ 6న జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసినప్పటినుండి, విమానయుద్ధము ఎక్కడనో జరుగు విషయమని మన తీరపు జనులు అనుకొనుట మానిరి.

యుద్ధానంతరము వార్మ్‌వెల్ స్థావరము మూతపడెను. ఆ నేలక్రింద మంచి కంకర యున్నది. దానిని త్రవ్వి తీయుటతో మైదానములో చాలభాగము రూపుమాసినది. ఒక ప్రక్కను క్రాస్‌వేస్ అను గ్రామము పెరిగినది. విమానముల రాకపోకలను చూచిన కావలిగోపురము నివాసగృహమైనది. గ్రామమున స్థావరపు జ్ఞాపకార్థము ఒక రాతిని నిలిపిరి.

ఇట్టివారి పేర్లు చాలభాగము ప్రభుత్వపుస్తకములలో కాక ఇండ్లలోని పెట్టెలలోనే యున్నవి. మన జిల్లాలలోను కొన్ని ఇండ్లలో, తాతగారు యుద్ధకాలమున వైమానికబలములో నుండిరను మాట వినబడుచుండును. పైలటా యని అడిగి, కాదనినంతనే సంభాషణ ఆపివేయుట మనకు అలవాటు. ఆ ఇంట విడుదలపత్రమో, జీతపు పుస్తకమో యున్నచో, అందు సాధారణముగా సంఖ్య, హోదా, చేరిన తేదీ, విడిచిన తేదీ, వృత్తి వ్రాసియుండును. వృత్తి అను చోట ఫిట్టరనియో, రిగ్గరనియో, ఆర్మరరనియో, వైర్‌లెస్సు మెకానిక్కనియో ఒక్క మాట యుండును. ఫొటోయున్నచో దాని వెనుక ఊరిపేరు, సంవత్సరము వ్రాసి, ప్రక్కనున్నవారి పేర్లు తెలిసినంతవరకు చేర్చి, ఆ కాగితమును దానితోనే కలిపియుంచుట మంచిది. సిరా కంటె పెన్సిలు మేలు. ఫొటో వెనుక సిరా కొంతకాలమునకు ఇవతలికి ఊరును.